చూచువాడును భుజించువాడును

వర్షకాలమున ప్రయాణము చేయరాదను నియమము మన దేశమున మిక్కిలి ప్రాచీనమైనది. సన్న్యాసులు దానిని చాతుర్మాస్యమను పేర పాటింతురు. ఆషాఢము మొదలుకొని వానలు తెరిపి యిచ్చువరకు వారొక్కచోటనే నిలిచి, ఊరి పొలిమేర దాటక, పాఠప్రవచనములతో కాలము గడపుదురు. బౌద్ధభిక్షువులకును వర్షావాసమను ఇట్టి నియమమే కలదు. అది యెట్లు పుట్టినదో వినయపిటకము చెప్పుచున్నది. వానకాలమున భిక్షువులు ఊరూర తిరుగుచు, అప్పుడే తలయెత్తుచున్న పచ్చని మొలకలను త్రొక్కుచున్నారనియు, నేలపై ప్రాకు చిన్న ప్రాణులను చంపుచున్నారనియు, పక్షులు సైతము చెట్టుకొనలపై గూడు కట్టుకొని నిలుచు కాలమున వీరేల నిలువకున్నారనియు జనులు నిందింపగా, ఆ నింద విని బుద్ధుడు వారిని వానకాలమంతయు ఒకచోట నుండుడని యాజ్ఞాపించెనట. వంశధార యొడ్డున శాలిహుండము కొండపై నేటికిని శిథిలములుగా నిలిచియున్న విహారములలోని భిక్షువులు కూడ ఈ నియమమునకు లోబడియే మన శ్రీకాకుళపు వానలను గడపియుందురు. ఆ నియమమునకు మూలము బురదకు జంకుట కాదు, తడియుటకు వెరచుట కాదు. మన పాదము క్రింద ఏది నలుగునో యన్న శంక.

గృహస్థున కీ నియమము లేదు. అతడు వానలో రైలెక్కవచ్చును, గొడుగు పట్టుకొని క్రొత్త యూరి వీథులలో తిరుగవచ్చును, అక్కడివారు వేడివేడిగా వండినది తినవచ్చును. సెలవు దొరికిన రెండు మూడు దినములలో ఒక యూరికి పోయి, చూడదగినవి చూచి, తినదగినవి తిని మరలి వచ్చుట నేటి మధ్యతరగతి జీవితమున ఒక సుఖముగా స్థిరపడినది. ఆ సుఖమును నేనును కోరువాడనే, దానిని నిందించుట నా యుద్దేశము కాదు. కాని చూచి, తిని, పోవు మనుష్యుడు తనకు తెలియకయే దేనినైనను త్రొక్కుచున్నాడా, చూచుట యనునది నిజముగా నిర్దోషమైన వ్యాపారమేనా యన్న ప్రశ్నను ఆ పురాతన నియమము మన ముందుంచి పోయినది. గత ఆశ్వయుజమున, చిరకాలము వేదాంతపాఠము చెప్పిన మిత్రులొకరితో కలసి శ్రీకాకుళపు సీమలోని పలాస, టెక్కలి, కొబ్బరి జీడితోటల నెలవైన ఉద్దానపు తీరము చూచుటకు పోయినప్పుడు, విడువని వానలో, మా యిద్దరి వాదములో ఆ ప్రశ్న పెరిగి పెద్దదైనది.

పలాస హౌరా నుండి చెన్నపట్టణమునకు పోవు రైలుమార్గముపై నున్నది. దాని జంటయూరు కాశీబుగ్గ. ఉత్తరమున మహేంద్రగిరి, తూర్పున కొద్ది మైళ్ళలో సముద్రము. పరశురాముడు తపము చేసిన కొండయని పురాణములు చెప్పు ఆ మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు. ఆకసము నిర్మలముగా నున్ననాడు దూరముననే కనబడు ఆ కొండ, మేము దిగిన ఉదయమున మబ్బులో పూర్తిగా మునిగిపోయినది. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడు వరకు ఈ సీమ గంజాము జిల్లాలోనిది; తెలుగు, ఒరియా భాషలవారు ఒకే సంతలో బేరమాడుకొను సవ్వడి వీథులలో నేటికిని వినబడుచుండును.

కాశీబుగ్గలో ఒక చిన్న హోటలు పంచ క్రింద నిలిచి, నూనెలో నుండి అప్పుడే తీసిన జీడిపప్పు పకోడీలు తినుచు వాన చూచుట నా జ్ఞాపకములలో ఉత్తమమైన సుఖములలో నొకటి. మధ్యాహ్నము జీడిపప్పు కూరతో భోజనము. సాయంకాలము మందస కోవా, పాలు చిక్కబడి చిక్కబడి తుదకు తీపిగా మారిన ఆ మెత్తని ముద్ద. నా మిత్రులు మితాహారులు. అయినను కోవా రెండవమారు అడిగి తీసికొనిరి. భృగువల్లి జ్ఞాపకమునకు వచ్చినదనిరి. తైత్తిరీయోపనిషత్తులోని ఆ వల్లిలో భృగువు బ్రహ్మము నెరుగగోరి తపము చేసి, మొట్టమొదట అన్నమే బ్రహ్మమని తెలిసికొనును. పిమ్మట ప్రాణము, మనస్సు, విజ్ఞానములు దాటి ఆనందమును చేరును. కాని అంతవరకు పోయినవాడును అన్నమును నిందింపరాదని, దానిని విడనాడరాదని, వసతి కోరి వచ్చినవానిని కాదనరాదని ఆ వల్లి చివర వ్రతములుగా విధింపబడినది. ఆనందమును చేరినవానికి సైతము అన్నవ్రతము తప్పలేదు. ఇంత గౌరవము తిండికిచ్చిన శాస్త్రము లోకములో మరియొకటి యున్నదో లేదో నేనెరుగను. కనుక వానలో వేడి పకోడీ తినుట యందు పాపమున్నదని నేననను.

చిక్కు తినుటలో రాలేదు, చూచుటలో వచ్చినది.

మరునాడు టెక్కలి చేరువనున్న తేలినీలాపురము పోయితిమి. ఏటేట వానలు వెనుకబట్టు కాలమున గూడబాతులును ఎర్రకాళ్ళ కొంగలును ఆ యూరి చెట్లపైకి వచ్చి, గూళ్ళు కట్టి, పిల్లలను లేపి, వేసవి ముదరకమునుపే పోవును. ఊరివారు వాటిని పుట్టింటికి పురిటికి వచ్చిన ఆడుబిడ్డలవలె చూచుకొందురు. ఎవ్వరును కొట్టరు, ఇతరులను కొట్టనీయరు. ఇచ్ఛాపురము దగ్గరి తేలుకుంచిలోను ఇట్లే తొలకరితో కొంగలు దిగును. వాటి రాక వానకు శుభసూచనయని అక్కడివారి నమ్మకము. మేము పోయిననాటికి తేలినీలాపురమునకు అన్ని పక్షులును రాలేదు. వచ్చినవి కొమ్మలపై తలలు ముడుచుకొని తడియుచుండెను. ఒక గూడబాతు మాత్రము ఏదియో మ్రింగుచు సంచివంటి తన గొంతును కదలించుచుండెను, దాని ప్రక్కనున్నది కదలక దానిని చూచుచుండెను. మా మిత్రులు నవ్వి, "మీరు చదివిన ముండకము ఇదిగో చెట్టెక్కి కూర్చున్నది చూడుడు" అనిరి.

ఒకే వృక్షమును ఆశ్రయించిన రెండు పక్షులలో నొకటి పండు రుచి చూచుచుండగా రెండవది తినక చూచుచుండునను ముండకోపనిషత్తులోని ఆ భావనను తెలుగు చదువరులందరు ఏదో యొక వ్యాఖ్యానమున వినియే యుందురు. శ్వేతాశ్వతరమునను అదే కలదు. తినునది జీవుడు, చూచునది ఆత్మ. తినునది దుఃఖించును, చూచుదాని మహిమ నెరిగిననాడు దాని దుఃఖము తీరును. మిత్రులు ఈ ప్రయాణము నంతయు ఆ దృష్టితోనే సమర్థించిరి. ఊరు మారి, మనవి కాని వీథులలో, మనకు పనిలేని చోట నిలిచినప్పుడు మనలోని తినుపక్షి కొంత సద్దుమణగి చూచుపక్షి మేలుకొనుననియు, ఇంటిలో ఇల్లు కారుచున్నదని విసిగించు వాన పరయూరిలో కేవలము వానగా కనబడుననియు, అందుచేత విహారము సాక్షిభావమునకు చిన్న అభ్యాసమనియు వారి వాదము. వాదము అందమైనది. నేనును చాలసేపు దానిని కాదనలేకపోయితిని.

కాని సాక్షికి ఏది చూడవలెనన్న కోరిక యుండదు. మేము చూడవలసిన వాటిని ముందే ఏరుకొని వచ్చితిమి. బాగున్నది చూచి మురిసితిమి, బాగులేనిచోట కారు నిలుపక పొమ్మంటిమి. మహేంద్రగిరి కనబడలేదని నొచ్చుకొంటిమి. ఇది ఏరి తినుటయే గదా! నోటికి బదులు కన్ను; ముద్దకు బదులు దృశ్యము. యాత్రికునిలో రెండు పక్షులు లేవు; రెండు ముక్కులతో తినుచున్న ఒకే పక్షి యున్నది. చూచుటయు భోజనమే యైనచో, భోజనమునకు గల ధర్మములన్నియు చూపునకును వర్తింపవలెను. ఎవరు వండిరో, ఎవరు పస్తున్నారో యెరుగక తినుట గృహస్థునకు తగదన్నచో, ఎవరి బ్రదుకుపై కురియుచున్నదో యెరుగక వానను చూచి యానందించుటయు తగదు.

ఇక్కడ అలంకారశాస్త్రము నెరిగినవారొక యాక్షేపణ చేయవచ్చును. రంగస్థలముపై శోకమును చూచి సహృదయుడు ఆనందించుచున్నాడు గదా, అది దోషము కాదు గదా, అట్లే వానను, తీరమును, అక్కడి బ్రదుకును చూచి రసము పొందుట దోషమెట్లగును? అభినవగుప్తుడు దీనికి సమాధానము ముందే చెప్పియున్నాడు. నాట్యమునందలి శోకము ఎవరి శోకమును కాదు. అది సాధారణీకరణము పొంది, నటునిదియు రామునిదియు ప్రేక్షకునిదియు కాక నిలిచినప్పుడే రసమగును. ఎదుట నిజముగా ఏడ్చుచున్నవాని శోకము రసము కానేరదు, దానిని రసముగా గ్రోలువాడు సహృదయుడు కానేరడు. రంగముపై కురియు వాన ఎవ్వరి తోటను కూల్చదు. ఉద్దానములో కురియు వాన కూల్చును.

కూల్చినది కూడ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, శరన్నవరాత్రుల తొలిదినములలో, తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలములోని పల్లిసారథి చేరువను తీరము దాటినది. గాలి వేగము గంటకు 140 నుండి 150 కిలోమీటర్లు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలములలో కొబ్బరితోటలు, జీడితోటలు, పనసచెట్లు ఒక్క రాత్రిలో నేలకొరగినవి. అంతకు ఐదేండ్ల ముందు 2013లో ఫైలిన్, ఆ మరు సంవత్సరము హుద్‌హుద్, రెండును అక్టోబరు 12ననే, ఒకటి ఈ సీమకు ఉత్తరమున గోపాలపురము వద్ద, మరియొకటి దక్షిణమున విశాఖపట్టణము వద్ద తీరము దాటినవి. నాటు కొబ్బరిమొక్క పెరిగి కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. కొబ్బరికాయ అమ్మి బిడ్డల చదువులు, పెండ్లిండ్లు గడపుకొను కుటుంబమునకు పడిన చెట్టనగా ఆరేడేండ్లు మూతబడిన యిల్లన్నమాట.

వజ్రపుకొత్తూరు పోవు దారిలో వాన హెచ్చినందున ఒక పాక యరుగుపై ఆగితిమి. అక్కడి వృద్ధరైతు మాకు పీట వేసి, "వాన సూడ్డానికొచ్చినారా బాబూ? మంచిదే. మాకైతే ఈ నెల్లో గాలి సప్పుడింటే సాలు, తెల్లార్లూ నిద్దరుండదు" అనెను. తిత్లీనాటి మాట నా మిత్రులడిగిరి. "ఆ రేతిరి తోట పడిపోతంటే సప్పుడిన్నాం గానీ సూడ్నేదు బాబూ. సూద్దామంటే తలుపు తియ్యనిచ్చిందా గాలి?" అని అతడు లోపలికి పోయి మాకు మజ్జిగ తెచ్చి యిచ్చెను.

ఆ మాట విన్నది మొదలు నా యాలోచన మారినది. తన సర్వస్వము కూలుచున్నప్పుడు ఆ మనుష్యునకు చూపు లేదు, చప్పుడు మాత్రమే యున్నది. చూచుటకు ముందుగా ఒక తలుపు తెరవగలిగి యుండవలెను, తలపై కప్పు నిలిచి యుండవలెను, ప్రాణము కుదుటబడి యుండవలెను. సాక్షిత్వమని మేము గౌరవించుచున్నది చాలవరకు క్షేమముగా నున్నవాని సొత్తు. వేదాంతి చెప్పు సాక్షి ఆ రైతులోను నాలోను సమముగనే యుండవచ్చును. దానిని నేను కాదనను. కాని నా సాక్షిభావము పంచ క్రింద నిలిచి పకోడీ తినుచు మేలుకొన్నదన్న సంగతి నేను మరువరాదు.

వాన అందరికి నొకటి కాదన్న సంగతి నౌపడలో మరింత స్పష్టముగా తెలిసినది. టెక్కలికి దిగువను, సముద్రము దాపున, నౌపడ ఉప్పుమడులు తరతరములుగా ప్రసిద్ధములు. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలుదారి ఇక్కడనుండియే బయలుదేరినది. ఉప్పుమడిలో ఉప్పునీరు పెట్టి ఎండకు వదలుదురు. ఎండ యొక్కటియే పండించు పంట ఉప్పు. అందుచేత వానకాలమున మడులన్నియు నీట మునిగి పని నిలిచిపోవును. రెండు మైళ్ళ లోపల వరిరైతు అదే వానకొరకు ఆకసమువైపు చూచుచుండును. ఏ వానను వరమనవలెను, ఏ వానను శాపమనవలెను? దైవమును వాన కోరు ప్రార్థనలు మన యూళ్ళలో ఎన్నియో యున్నవి; వాన వలదను ఉప్పుమడివాని ప్రార్థన కూడ ఆ దైవమునకే చేరుచున్నది. ఈ రెండు ప్రార్థనల నడుమ వినోదమునకై వాన కోరు పరయూరివాని కోరిక ఎంత తేలికయైనదో చెప్ప నక్కరలేదు.

గీత మూడవ యధ్యాయమున ఒక చక్రము చెప్పబడినది: ప్రాణులు అన్నమువలన, అన్నము వానవలన, వాన యజ్ఞమువలన, యజ్ఞము కర్మమువలన. దేవతలిచ్చినదానిని వారికి తిరిగి యీయక తాను మాత్రమే అనుభవించువానిని ఆ యధ్యాయము దొంగయని స్పష్టముగా పిలిచినది. కఠినమైన మాట. నేను దీనిని పలాసలో జీడిపిక్కలు కొట్టు పనిచోట తలచుకొంటిని. పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారు బ్రెజిలునుండి తెచ్చిన ఈ చెట్టు ఉద్దానపు ఇసుకనేలలో తనకు తగిన చోటు చూచుకొన్నది. నేడు స్థానికపు పంట చాలక ఆఫ్రికానుండి తెప్పించిన పిక్కలను సైతము పలాసలో ఒలుచుచున్నారు. పిక్కను ఆవిరిపై ఉడికించి, ఆరబెట్టి, ఒక్కొక్కదానిని కత్తి నడుమ పెట్టి చీల్చి, పప్పు చెదరకుండ తీయవలెను. పెంకులోని జిడ్డురసము చర్మమును కాల్చును. పిమ్మట పప్పును వేడిగదిలో ఎండబెట్టి, పైపొట్టు గోటితో తీసి, పరిమాణమునుబట్టి ఏరుదురు. పౌనుకు 180 మించక తూగునవి పెద్దవి, 320 వరకు తూగునవి సాధారణమైనవి. ఈ పొట్టు తీయుట, ఏరుట యంతయు చాలవరకు స్త్రీల చేతిపని. వానకాలమున పిక్క సరిగా ఆరదు, పని మందగించును. మేము పంచ క్రింద తిన్న పకోడీలోని ఒక్కొక్క పప్పు ఏదో యొక వ్రేలిగోటిని దాటి వచ్చినదే.

నీటి సంగతి మరియు కఠినమైనది. ఉద్దానములో ఎన్నో ఏండ్లనుండి వేలకొలది కుటుంబములను మూత్రపిండముల వ్యాధి పీడించుచున్నది. దాని కారణము త్రాగునీరొక్కటేయని శాస్త్రజ్ఞులింకను తేల్చలేదు. మధుమేహము, రక్తపుపోటు లేని కష్టజీవులకును అది వచ్చుచున్నది. పలాసలో 200 పడకల ఆసుపత్రియు, ఆ వ్యాధి పరిశోధనకేంద్రమును 2023 డిసెంబరు 14న ప్రారంభింపబడినవి. 700 కోట్ల రూపాయల వ్యయముతో హిరమండలము జలాశయమునుండి ఈ గ్రామములకు త్రాగునీరు తెచ్చు పథకమును అప్పుడే ప్రారంభమైనది. పరయూరివాడు సీసానీరు కొనుక్కొని వచ్చును, త్రాగును, పోవును. ఆకసమునుండి ఇంత నీరు కురియుచుండగా త్రాగునీటికై శంకించు జనుల నడుమ వానను చూచి మురియుట నావలన కాలేదు. ఆ వృద్ధుడిచ్చిన మజ్జిగలోని నీరు ఎక్కడిదని నా మనస్సున ఒక్క క్షణము శంక పుట్టినమాట నిజము. దానిని త్రాగుటయే అప్పటికి నేను చేయదగిన యజ్ఞమని తోచి పూర్తిగా త్రాగితిని. నా మిత్రులును త్రాగిరి.

తుదిదినమున రావివలస పోయితిమి. టెక్కలికి దగ్గరలోనున్న ఆ యూరి ఎండల మల్లికార్జునస్వామికి గర్భాలయముపై కప్పు లేదు. మహాలింగము ఆకసము క్రిందనే నిలిచియున్నది. త్రేతాయుగమున వైద్యుడైన సుషేణుడు ఇక్కడ జనులకు చికిత్స చేయుచు శివునికై తపస్సు చేసి దేహము చాలించెననియు, హనుమంతుడు ఆ దేహముపై మల్లెపూలును జింకచర్మమును కప్పి పోగా, శ్రీరాముడు వచ్చి చర్మము తొలగించి చూచునప్పటికి అచ్చట లింగముండెననియు స్థలపురాణము. పిమ్మట టెక్కలి జమీందారొకరు ఆలయము కట్టింపబూనగా స్వామి స్వప్నమున కనబడి, తనపై సోకిన ఎండయు గాలియు జనులకు ఆరోగ్యప్రదమగును గాన తనకు కప్పు వలదని పలికెనట. కార్తికమున ఆ చోటు జనసముద్రమగును. మేము పోయిననాడు పట్టుమని పదిమంది లేరు. వాన లింగముపై నిట్టనిలువుగా పడుచుండెను, అభిషేకమునకు వేరే నీరు అక్కరలేకుండెను.

ఒక వైద్యుని దేహము లింగమైన చోట, రోగులకు మేలగునని దేవుడు తన కప్పును తానే వలదనుకొన్న చోట, మూత్రపిండములు చెడిన మనుష్యుల నడుమ, ఆ కథను నేను కేవలము వింతగా వినలేకపోయితిని. ఉపనిషత్తు తినుపక్షిని, చూచుపక్షిని చెప్పినది. తడియుదానిని వేరుగా చెప్పలేదు. రావివలసలోని దేవుడు వానను చూచుట లేదు, తినుట లేదు, ఉద్దానపు చెట్టు ఏ వానలో తడియుచున్నదో ఆ వానలోనే తానును తడియుచున్నాడు. ఈ శివుడే హాలాహలమును మ్రింగినవాడని జ్ఞాపకము చేసికొన్నచో, భుజించుట యనుదానికి ఇంకొక యర్థము తోచును. ఇతరులను చంపునదానిని తాను మ్రింగుటయు నొక భోజనమే. అట్టి భోక్తకు దొంగయన్న పేరు రాదు.

మిత్రులు నా మాటను సులభముగా విడువలేదు. తిరుగురైలులో, కిటికీ అద్దముపై వాన కారుచుండగా, సాక్షి యెన్నడును తడియడనియు, వానకు ఆకసము తడియదను దృష్టాంతము అందుకే చెప్పబడినదనియు, తడిసినది రాయియేగాని తత్త్వము కాదనియు వారు వాదించిరి. కప్పు వలదని కోరుకొన్నవాడు సాక్షి కాడు, మాయోపాధికుడైన ఈశ్వరుడు. ఆతనికి సంకల్పమున్నది, దయ యున్నది. ఈ రెంటిని కలుపరాదనిరి. శాస్త్రదృష్టిచే వారి మాటలో దోషము నాకు కనబడలేదు. కాని వానలో పరయూరికి పోయి వారి యన్నము తిని, వారి మజ్జిగ త్రాగి వచ్చినవానికి ఆదర్శము కాదగినవాడు ఆ సాక్షియా, ఈ యీశ్వరుడా యని నేనడిగితిని. దయ కూడ చిత్తవృత్తియే గదా, ముముక్షువు దానిని సైతము దాటవలెను గదా యని వారనిరి. దాటవలసినదే కావచ్చును, కాని దానిని పొందకయే దాటితినని తలచువాడు దాటిన దేమిటో వారు నాకింకను చెప్పలేదు.